ఉద్దానసీమ వన్యజీవుల చరిత్ర

ఆఫ్రికా ఖండమునకు తూర్పు భాగమున ఉగాండా దేశము కలదు. ఆ దేశపు ఈశాన్య మూలలో, దక్షిణ సూడాను సరిహద్దును ఆనుకొని, కిడెపో అను లోయ ఉన్నది. కొండల నడుమ విశాలమైన గడ్డిబయలు. అందు సింహములు, ఏనుగులు, అడవిదున్నలు, జిరాఫీలు స్వేచ్ఛగా తిరుగుచుండును. రాజధానీ నగరము నుండి మిక్కిలి దూరమగుటచేత అచ్చటికి పోయి చూచు యాత్రికులు తక్కువ. పోయి వచ్చినవారు మాత్రము అంతటి ఏకాంతమును, అంతటి నిర్జనమైన ప్రకృతిని మెచ్చుకొనకుండ ఉండలేరు. 1962వ సంవత్సరమున ఆ లోయను జాతీయవనముగా ప్రకటించిరి. అయితే ఆ నిర్జనత్వము తనంత తాను ఏర్పడినది కాదు. ఆ లోయలో వేటాడుచు, తేనె సేకరించుచు జీవించిన ఇక్ అను చిన్న తెగవారు ఉండిరి. జాతీయవనము ఏర్పడిన పిదప తమ పూర్వుల వేటనేలలో కాలు పెట్టు హక్కు వారికి లేకపోయెను.

ఇది ఒక్క కిడెపో కథ మాత్రమే కాదు. టాంగన్యీకాలో 1951లో ఏర్పడిన సెరెంగెటీ జాతీయవనము నుండి, అచ్చట పశువులను మేపుకొనుచున్న మసాయీలను 1959లో పొరుగున ఉన్న గోరొంగోరో ప్రాంతమునకు తరలించిరి. దక్షిణాఫ్రికాలో 1926లో స్థాపితమైన క్రూగర్ జాతీయవనమును విస్తరింపజేయుటకై 1969లో మకులేకె తెగవారిని వారి గ్రామముల నుండి వెడలగొట్టిరి. దాదాపు ముప్పది యేండ్ల తరువాత, 1998లో, ఆ భూమి తిరిగి మకులేకెల వశమైనది. అప్పుడు వారు చేసిన పని గమనింపదగినది. భూమి తమదైన పిదప కూడ దానిని దున్నక, మృగముల కొరకే విడిచి, ఆ వనమువలన వచ్చు ఆదాయమును తాము పొందునట్లు ఏర్పాటు చేసికొనిరి.

మనుష్యుడును వన్యజీవియు ఒకే చోట బ్రతుకజాలరా? ఒకరికి చోటు కావలెనన్న మరియొకరు తొలగిపోవలసినదేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము ఆఫ్రికా దాక పోనక్కరలేదు. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి, పలాసల నడుమ రైలు దిగి, సముద్రమువైపు నడచిన చాలును.

హౌరా నుండి మద్రాసునకు పోవు రైలుదారిలో పలాసకు దక్షిణమున నౌపడ అను స్టేషను కలదు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలుదారి బయలుదేరినది ఇచ్చటనే. పడమట చూచినచో తూర్పు కనుమల నీలిరేఖ. ఉత్తరమున మహేంద్రగిరి. తూర్పున ఉప్పు మడులు, ఉప్పుటేర్లు, వానకాలమున నిండి వేసవిలో ఎండు పల్లపు నేలలు. ఈ పల్లపు నేలలను ఇచ్చటివారు తంపర భూములందురు. ఉత్తరముగా పోవుకొలది పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము వరకు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదాని వెంట నొకటి వచ్చును. ఇదియే ఉద్దానము. ఉద్యానమను మాటయే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొండకును కడలికిని నడుమ, కొన్ని చోట్ల కొలది మైళ్ళు మాత్రమే వెడల్పు గల ఈ పట్టెలో అడవి, తోట, చిత్తడి, ఇసుక తీరము అను నాలుగు విధములైన నేలలును కలిసి యున్నవి. అందుచేతనే ఇచ్చట నాలుగు విధములైన వన్యజీవులును కలవు.

ఈ సీమకును మృగములకును గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రము ఏనుగులలో కళింగ, అంగదేశముల ఏనుగులు శ్రేష్ఠములని చెప్పినది. ఆ గ్రంథమే మృగములకు అభయమిచ్చిన వనములను పేర్కొని, అందు వేటాడినవారికి దండన విధించినది. కళింగమును జయించిన అశోకుడు ఋషికుల్యా నదీతీరమున జౌగడ వద్ద, అనగా మన ఇచ్ఛాపురమునకు ఉత్తరమున నేటి గంజాము జిల్లాలో, శిలాశాసనములను చెక్కించెను. వానిలో ఒక విశేషము కలదు. కళింగ యుద్ధములో జరిగిన జనక్షయమును తెలుపు పదమూడవ శాసనము కళింగదేశమున చెక్కింపబడలేదు. గాయపడిన ప్రజలకు ఆ గాయమును గుర్తు చేయనేల యని చక్రవర్తి తలచి యుండవచ్చును. కాని జీవహింసను మానుమని చెప్పు మొదటి శాసనము మాత్రము జౌగడలో ఉన్నది. పూర్వము రాజు వంటశాలలో దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండగా, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, ఇకమీదట అవియును చంపబడవనియు అందు చెప్పబడినది. ఇరువదిరెండు శతాబ్దులకు పూర్వము ఒక రాజు తన వంటశాల లెక్కను రాతిపై వ్రాయించి ప్రజలకు చూపుట ప్రపంచ చరిత్రలో అరుదైన విషయము.

ఏనుగులు ఈ సీమనుండి పూర్తిగా పోలేదు గాని, వాని దారులు మూతపడినవి. 2007లో ఒడిశాలోని లఖేరీ అడవులనుండి కొన్ని ఏనుగులు శ్రీకాకుళము జిల్లాలోనికి దిగి వచ్చినవి. చెరకు, వరి చేలు తొక్కబడినవి. మనుష్యులును మరణించిరి, ఏనుగులును మరణించినవి. రెండువేల యేండ్ల క్రిందట శ్రేష్ఠములని పేరుపొందిన కళింగ గజములు స్వస్థలములోనే దారి తప్పిన పరదేశులైనవి.

మధ్యయుగముల సంగతి విడిచి, బ్రిటిషువారి కాలమునకు వత్తము. అప్పుడు టెక్కలి, మందస, పర్లాకిమిడి మొదలగునవన్నియు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో చేరిన జమీందారీలు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు గంజాములో అధికభాగము అటు చేరగా, టెక్కలి, పలాస ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో కలిసినవి. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. జమీందారీ కాలమున అడవి జమీందారుది. వంటచెరకునకు, నాగలిదుంగకు, ఇంటి కప్పునకు అడవిమీద ఆధారపడిన రైతు పుల్ల విరిచినను నేరమే. వేట ప్రభువులకు వినోదము. కట్టె రైతునకు అపరాధము.

ఈ అన్యాయము 1940లో బద్దలైనది. ఆ సంవత్సరము మార్చి నెలలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగినది. కొలది దినములలోనే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురము రైతులు తమ హక్కుగా భావించి అడవినుండి కలప తెచ్చుకొనిరి. వారిని నిర్బంధించుటకు పోలీసులు రాగా ఊరివారు అడ్డుకొనిరి. ఏప్రిలు 1వ తేదీన జరిగిన కాల్పులలో సాసుమాను గున్నమ్మ యను స్త్రీయు, మరికొందరును ప్రాణములు కోల్పోయిరి. వీరగున్నమ్మ యను పేరుతో ఆమెను ఈ సీమ నేటికిని స్మరించుచున్నది. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చినది. వన్యజీవుల చరిత్ర చెప్పుచు ఈ కథ యేల యందురేమో! ఆఫ్రికాలోని ఇక్, మసాయీ, మకులేకె తెగల గోడు ఎట్టిదో గున్నమ్మ గోడును అట్టిదే. అడవిని కాపాడుటయన్న ప్రజలను వెలివేయుట యని అర్థమైనచో, ఆ అడవి కొరకు కన్నీరు పెట్టువారు ఊరిలో ఉండరు.

అట్లుగాక ఊరే స్వయముగా కాపాడిన జీవుల కథ ఈ సీమలోనే కలదు. టెక్కలికి చేరువలో, నౌపడ తంపరకు అంచున, తేలినీలాపురము అను చిన్న గ్రామము ఉన్నది. సెప్టెంబరు నెల వచ్చుసరికి ఈ ఊరి చెట్లపై గూడబాతులు దిగును. వీనినే పెలికానులు అందురు. వానితో పాటు పెయింటెడ్ స్టార్కులనబడు ఎర్రకాళ్ళ కొంగలును వచ్చును. గూళ్ళు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను ఎగురనేర్పి, మార్చి, ఏప్రిలు నెలలలో వెడలిపోవును. పెరటి చెట్టుపై గూడు, గూటి క్రింద పశువుల పాక, పాక ముందు ఆడుకొను పిల్లలు. పక్షి వారిని చూచి బెదరదు. వారు పక్షిని చూచి రాయి విసరరు. తొలికాన్పునకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచును ఎట్లు చూచుకొందుమో అట్లు ఈ ఊరివారు ఆ పక్షులను చూచుకొనిరి. అవి వచ్చిన ఏడు పంటలు బాగుండునని వారి నమ్మకము.

ఈ అతిథ్యము సులభమైనదని తలచవలదు. గూడబాతు చిన్న పక్షి కాదు. నాలుగైదు కిలోల బరువు, రెక్కలు చాచినచో మనిషి నిలువును మించిన వెడల్పు, ముక్కు క్రింద సంచివంటి పెద్ద తోలుతిత్తి. ఆ తిత్తితో నీటిని చేపలతో సహా తోడి, నీటిని వెడలగార్చి, చేపలను మ్రింగును. తల్లి తెచ్చిన చేపను పిల్ల తల్లి గొంతులోనికి తల దూర్చి తినును. పదులకొలది గూళ్ళు ఒకే చెట్టుపై ఉన్నప్పుడు క్రింద జారిపడిన చేపల వాసన, సున్నము చల్లినట్లు రెట్ట, రేయింబవళ్ళు అరుపులు ఊరివారికి తప్పవు. ఇన్ని నెలలు దీనిని సహించుట ప్రతి సంవత్సరము ఒక ఊరు చేయుచున్న త్యాగము. ఏ ప్రభుత్వపు ఉత్తరువును చూచి వారు దీనిని మొదలుపెట్టలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. ఊరి కట్టుబాటు అంతకంటె పాతది. అటవీశాఖవారు తరువాతి కాలమున ఇచ్చట పక్షులను గూర్చి తెలుపు కేంద్రమును, చూచుటకు ఎత్తైన గోపురమును ఏర్పాటు చేసిరి. పక్షిశాస్త్రజ్ఞులు తేలినీలాపురమును, ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచిని కలిపి దేశములోని ముఖ్య పక్షిక్షేత్రముల పట్టికలో చేర్చిరి.

ఇచ్చట ఒక పొరపాటును సవరించుకొనుట మంచిది. ఈ పక్షులు సైబీరియా నుండి వేల మైళ్ళు ఎగిరి వచ్చునని జనులు చెప్పుకొందురు. పత్రికలును అట్లే వ్రాయుచుండును. మచ్చల ముక్కు గల ఈ గూడబాతు భారతదేశము, సింహళము, కంబోడియా ప్రాంతములకు చెందినది. ఎర్రకాళ్ళ కొంగయు మన దక్షిణాసియాదే. ఇవి నీరును చేపలును ఉన్న చోటును వెదకుకొనుచు మన దేశములోనే సంచరించి, గూటికాలమునకు తమకు నచ్చిన ఊరికి చేరును. సైబీరియా పక్షి యనగానే గౌరవము పెరుగునేమో కాని, నిజము అంతకంటె గంభీరమైనది. ఇవి పరదేశపు అతిథులు కావు, మనవే. మన చెరువు ఎండినచో, మన చెట్టు కూలినచో పోయి తలదాచుకొనుటకు వానికి సైబీరియా లేదు.

గూడబాతులు ఊరినడుమ గూళ్ళు కట్టుట దక్షిణాదిన పురాతనమైన విషయమే. జెర్డన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు భారతదేశపు పక్షులను గూర్చి వ్రాసి 1864లో ముగించిన గ్రంథమున, కర్ణాటక మండలములోని ఒక గ్రామమున ఇట్టి దృశ్యమును తాను చూచినట్లు తెలిపెను. ఎంత కాలమునుండియో ఇవి ఇట్లే వచ్చుచున్నవని గ్రామస్థులు ఆయనతో చెప్పిరట. అట్టి ఊళ్ళు ఎన్నో ఉండి యుండవలెను. వానిలో నేడు మిగిలినవి వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

ఈ నష్టమునకు మన తెలుగునాటనే ఒక పెద్ద నిదర్శనము కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటి సమీపమున ఆరేడు అను గ్రామమున గూడబాతులు వేలకొలది గూళ్ళు కట్టుచుండెడివి. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు దానిని పరిశీలించి 1949లో ప్రకటించిన వ్యాసము దేశదేశముల శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది. అంతటి పక్షినగరము ఒక తరము గడువకముందే శూన్యమైనది. 1970ల నాటికి ఆరేటిలో ఒక్క గూడును మిగులలేదు. ఎవరును తుపాకి పట్టి వానిని తరుమలేదు. చెట్లు తగ్గినవి, చుట్టునున్న నీటిపట్లు మారినవి, పక్షులు రాలేదు. తరువాతి కాలమున కొల్లేటిలో ఆటపాక వద్ద ఇనుప మంచెలు నిలిపి వానికి మరల చోటు కల్పింపవలసి వచ్చినది. ఆ మంచెలపై పక్షులు తిరిగి వచ్చుట సంతోషకరమే. కాని చెట్టు ఉచితముగా ఇచ్చినదానిని ఇనుముతో కొనవలసి వచ్చెనను సంగతి మరువరాదు. తేలినీలాపురమునకు ఆరేడు ఒక హెచ్చరిక.

తేలుకుంచి సంగతి మరియొక విధము. ఇచ్ఛాపురమునకు చేరువనున్న ఈ ఊరికి వచ్చునవి నత్తలను తిను కొంగలు. ముక్కు రెండు దవడల నడుమ సందు ఉండుటచేత వీనిని ఓపెన్‌బిల్ కొంగలందురు. ఆ ముక్కు నత్తగుల్లనుండి మాంసమును వెడలదీయుటకు మిక్కిలి అనువైనది. ఇవి తేలినీలాపురపు పక్షులవలె శరత్కాలమున గాక, జూన్ నెలలో తొలకరితో వచ్చి, వానకాలము ముగిసిన పిదప పోవును. కారణము స్పష్టము. వరి మడులలో నీరు నిలిచినప్పుడు నత్తలు పెరుగును. నత్తలు పెరిగినప్పుడు పిల్లలకు ఆహారము దొరకును. కొంగ వచ్చినచో వాన వచ్చునని రైతు నమ్మును. వాన వచ్చు వేళకు కొంగ వచ్చునని శాస్త్రజ్ఞుడు చెప్పును. ఏది ముందైనను, వరిమొక్కలను పాడుచేయు నత్తలను ఏరివేయు ఈ కొంగ రైతునకు కూలి అడుగని పనివాడు. ఒడిశా వైపున గంజాము జిల్లాలో బెత్నోయి ప్రాంతపు రైతులు కృష్ణజింకలు తమ చేలలో మేసినను తరుమక తరతరములుగా కాపాడుచున్నారు. ఈ సరిహద్దు సీమలో తెలుగువారికిని ఒడియావారికిని ఇది ఉమ్మడి సంస్కారము.

అయితే అన్ని జీవులతోను పొత్తు ఇంత తీయనిది కాదు. ఉద్దానములో ఎలుగుబంటి కలదు. చెదలు, చీమలు, తేనె, అడవిపండ్లు దాని ఆహారము. పనసపండు పండినప్పుడు, జీడిమామిడి పండ్లు రాలినప్పుడు ఆ వాసనకు అది తోటలలోనికి వచ్చును. ఆ వేళకే మనుష్యులును జీడిపిక్కలు ఏరుటకు తెల్లవారకముందే తోటకు పోవుదురు. దాని చూపు మందము. దగ్గరకు వచ్చువరకు మనిషిని గుర్తింపదు. గుర్తించిన క్షణమున భయముతో మీదపడును. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి ప్రాంతమున ఒక ఎలుగు దాడిచేయగా ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. పట్టుకొనబడిన ఆ ఎలుగును చనిపోయినది. ఇట్టి దుఃఖములు ఈ సీమలో పలుమార్లు జరిగినవి. బిడ్డను పోగొట్టుకొన్న ఇంటికి పోయి వన్యప్రాణి సంరక్షణమును గూర్చి ఉపన్యసించుట ధర్మము కాదు. వారికి కావలసినవి తక్షణమైన పరిహారము, వైద్యము, ఎలుగు తిరుగు దారులను గూర్చిన ముందు హెచ్చరిక. ఎలుగునకు కావలసినది కొండ. టెక్కలి ప్రాంతపు నీలిరాయి దేశదేశములకు పోయి మేడలకు నునుపైన నేలయగుచున్నది. రాతికొరకు కొండ తరిగిన కొలది గుహలు తరుగును. గుహ పోయిన ఎలుగునకు జీడితోటయే గుహయగును.

తీరమున మరియొక అతిథి కలదు. జనవరి మొదలు ఏప్రిలు వరకు రాత్రివేళ ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేళ్ళు ఇసుకపైకి ప్రాకి వచ్చి, గొయ్యి త్రవ్వి, నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి సముద్రములో కలిసిపోవును. ఏబది దినముల ప్రాంతమున పిల్లలు వెలికివచ్చి అలలవైపు పరుగిడును. ఉత్తరమున గంజాము జిల్లా ఋషికుల్యా ముఖద్వారమువద్ద ఇవి లక్షలకొలది సామూహికముగా గ్రుడ్లు పెట్టు చోటు 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. మన తీరమున అట్టి గుంపులు లేకున్నను అచ్చటచ్చట గ్రుడ్లు పెట్టుచునే యుండును. అటవీశాఖవారు, స్వచ్ఛంద సేవకులు, బెస్తవారు కలిసి గ్రుడ్లను కంచెలలో కాపాడి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. మరపడవల వలలో చిక్కి ఊపిరాడక చనిపోయిన తాబేళ్ళు తీరమునకు కొట్టుకొని వచ్చు దృశ్యమును కూడ ఈ తీరవాసులు ఎరుగుదురు.

ఇక ఇటీవలి చరిత్ర. చిత్తడినేలను వ్యర్థమైన నేలగా భావించుట ఆంగ్లేయుల కాలమునుండి మన కచేరీల కాగితములలో పాతుకొని పోయిన అలవాటు. సోంపేట వద్ద బీల యను విశాలమైన చిత్తడి కలదు. చుట్టుపట్ల ఊళ్ళకు నీరు, చేపలు, మేత, తుంగ అన్నియు దానినుండియే. బీలలో బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమును నిర్మింప తలపెట్టగా రైతులు, మత్స్యకారులు ఎదిరించిరి. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కర్మాగారమునకు ఇచ్చిన అనుమతిని రద్దుచేసినది. బీల నిలిచినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28న, తేలినీలాపురపు పక్షులకు మేతచోటైన నౌపడ తంపరలో, కాకరాపల్లివద్ద అట్టి కర్మాగారమునకై మరల కాల్పులు, మరల మరణములు. గున్నమ్మ కాలమున ప్రజలు అడవిలోని కట్టెకొరకు ప్రాణమిచ్చిరి. డెబ్బది యేండ్ల తరువాత వారి మనుమలు చిత్తడిలోని నీటికొరకు ప్రాణమిచ్చిరి. ఆ నీటిని నమ్ముకొన్న పక్షులు కూడ తమ కొరకు ప్రాణమిచ్చినవారు కలరని ఎరుగవు. 2023లో అదే తీరమున మూలపేటవద్ద ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. రేవు వచ్చుట వలన వలసపోవు యువకులకు పని దొరకునను ఆశ కలదు. ఆ ఆశను త్రోసిపుచ్చరాదు. రేవునకును తంపరకును నడుమ ఎంత నేల, ఎంత నీరు విడువబడునను దానిమీదనే పక్షుల భవిష్యత్తు ఆధారపడి యున్నది.

ప్రకృతి చేతను దెబ్బలు తప్పలేదు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరమును దాటినది. ఒక్క ప్రాతఃకాలమున తరతరముల కొబ్బరి తోటలు, జీడితోటలు నేలకొరగినవి. కొబ్బరిమొక్క కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. గూడు మోయగల చింతచెట్టు పెరుగుటకు ఒక తరము పట్టును. 2022 జనవరి నాటికి తేలినీలాపురములో నూరుకు పైగా గూడబాతులు చనిపోయినవి. చేపలద్వారా వాని కడుపులోనికి చేరిన నులిపురుగులు కారణమని పరీక్షలలో తేలినది. చెరువు నీరు చెడినచో చేప చెడును. చేప చెడినచో పక్షి చచ్చును. ఆ చెరువు చేపను మనమును తినుచున్నాము గదా!

ఈ చరిత్ర అంతయు కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. ఆఫ్రికా జాతీయవనములకు కంచెలు, కావలివారు, విశాలమైన భూములు కలవు. తేలినీలాపురమునకు అట్టివేవియు లేవు. దానికున్నవి మూడే. గూటికి ఊరి చెట్టు, మేతకు తంపర నీరు, అభయమునకు ఊరివారి ఓర్పు. ఈ మూడింటిలో ఏ యొక్కటి తొలగినను మిగిలిన రెండును నిలువవు. చెట్టు ఒక రైతు సొత్తు. ఆడపిల్ల పెండ్లికో, అప్పునకో దానిని అమ్మవలసి వచ్చినప్పుడు, పక్షులకొరకు దానిని నిలుపుకొనుమని చెప్పు సంఘము ఆ రైతునకు దాని వెలను చెల్లింపవలదా? మకులేకెలు మృగముల వనమును నిలుపుకొనుటకు కారణము భూమి తమ చేతిలో ఉండుట, ఆదాయము తమ ఇంటికి చేరుట. చెట్టు గల రైతునకు ఏటేట కొంత పారితోషికము, చూడవచ్చినవారికి భోజనము, బస ఇచ్చు పని ఊరి స్త్రీలకు, తంపరను పూడ్చరాదను కట్టుదిట్టము, కూలిన చెట్టు స్థానమున నాటిన మొక్కకు రక్షణ. ఇవి పెద్ద ధనముతో కూడిన పనులు కావు.

చూడబోవువారు నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు తేలినీలాపురమునకు, వానకాలమున తేలుకుంచికి పోవుట మంచిది. తెల్లవారుజామున గాని, ఎండ చల్లబడిన తరువాత గాని చేరినచో మేతనుండి తిరిగివచ్చు పక్షులను చూడవచ్చును. దూరదర్శిని యొకటి వెంట నుండవలెను. చెట్టు క్రింద గుమిగూడరాదు; కేకలు వేయరాదు; గూటినుండి జారిన పిల్లను తాకక ఊరివారికి చూపవలెను. ఎవరి పెరటిలో నిలిచి చూచుచున్నారో వారి అనుమతి అడుగుట మరువరాదు. అది అడవి కాదు, ఒకరి ఇల్లు.

ఉద్దానములో పెరిగి, ఉద్యోగమునకై ఖరగపురమునకో, హైదరాబాదునకో, గల్ఫు దేశములకో పోయిన కుటుంబములెన్నియో కలవు. అట్టివారు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తమ పిల్లలను ఒక ఉదయము తేలినీలాపురమునకు తోడ్కొనిపోవలెను. సంక్రాంతినాటికి గూళ్ళలో పిల్లలు పెరిగి రెక్కలు ఆడించుచుండును. వలస పోయినవారు పుట్టింటికి వచ్చు కాలమును, ఆ పక్షులు పిల్లలతో పుట్టింట ఉండు కాలమును ఒక్కటే. ఏటేట వారికొరకు ఇంటి తలుపు తెరచియుంచిన ఊరే, ఏటేట ఆ పక్షులకొరకు చెట్టును నిలిపియుంచినది.